పాత కారులో పగిలిన డ్యాష్‌బోర్డును సొంతంగా మార్చుకోవడం

రాయలసీమలో పదిహేనేళ్లు దాటిన కారు డ్యాష్‌బోర్డు పగిలిందంటే అందరూ ఎండనే తప్పుపడతారు. అది సగం నిజం, మిగతా సగం బిగింపు. ప్లాస్టిక్ వేడికి ఉక్కుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతుంది. మీటరు పొడవున్న ఉక్కు పట్టీ 50 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువగా పెరుగుతుంది. అంతే పొడవున్న ఏబీఎస్ అనే రకం గట్టి ప్లాస్టిక్ అదే వేడికి మూడున్నర నుంచి ఐదు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో బయటే 40 డిగ్రీలు దాటుతుంది, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు పైభాగం అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. రోజూ పగలు సాగి రాత్రి ముడుచుకునే ఈ పలకను రెండు చివర్లా కదలకుండా స్క్రూలతో పట్టేస్తే, ఆ ఒత్తిడి ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. పగులు ఎక్కువగా స్క్రూ చెవి (స్క్రూ దిగడానికి పలక అంచున ఉండే చిన్న ముక్క) దగ్గరో, ముందు అద్దానికి గాలి కొట్టే సన్నని కన్నం మూల దగ్గరో, దేవుడి బొమ్మ కోసం ఎవరో వేసిన రంధ్రం దగ్గరో మొదలవుతుంది. అందుకే కొత్త డ్యాష్‌బోర్డును పాతదానిలాగే బలంగా బిగించిన బండిలో నాలుగైదు ఎండాకాలాలు గడిచేసరికి అదే చోట మళ్లీ గీత కనిపిస్తుంది. ఈ పనిలో విప్పడం సగమైతే, ఎక్కడ ఎంత బిగించాలో తెలుసుకోవడం మిగతా సగం.

మార్చాలా, అతికిస్తే సరిపోతుందా అన్నది ముందు తేల్చుకోవాలి. కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు పైన మెత్తటి పీవీసీ పొర, దాని కింద ఫోము ఉంటాయి. ఎండకు పీవీసీలోని మెత్తదనాన్నిచ్చే నూనె పదార్థం ఆవిరైపోతుంది, పొర కుంచించుకుపోయి చీలుతుంది. చీలిక పైపొరకే పరిమితమై, కింది గట్టి చట్రం వంకర పోకుండా ఉంటే, మార్కెట్లో దొరికే కవరు వేసుకుని ఊరుకోవడమే మేలు. మారుతి 800 వంటి కార్లలో చాలా వరకు ఒకే పోతగా వచ్చిన గట్టి ప్లాస్టిక్ ఉంటుంది. అందులో పగులు గాలి కన్నం నుంచి మీటరు బోర్డు దాకా పాకినా, చివర చెవులు విరిగినా, గుంతలో చక్రం పడ్డప్పుడల్లా డ్యాష్‌బోర్డు కిర్రుమన్నా మార్చడమే దారి. పగులుకు అరాల్డైట్ పూసి ఇసుక కాగితంతో రుద్ది రంగు వేసిన పని ఎండాకాలం రాగానే అదే గీత వెంట విడిపోతుంది, ఎందుకంటే గట్టిపడ్డ అరాల్డైట్ పెళుసు, ప్లాస్టిక్‌లా వంగి సాగలేదు.

ఒక హద్దు ముందే చెప్పాలి. ఈ వ్యాసం ఎయిర్‌బ్యాగులు లేని పాత కార్ల గురించి మాత్రమే. స్టీరింగ్ మధ్యలో గానీ, ఎడమవైపు సీటు ఎదుట డ్యాష్‌బోర్డు మీద గానీ ఎస్ఆర్ఎస్ అని అచ్చు ఉన్నా, డ్యాష్‌బోర్డు కింద పసుపు రంగు కప్లర్లు (రెండు వైర్లను కలిపే ప్లాస్టిక్ జతలు) కనిపించినా ఆ బండి జోలికి ఇంట్లో వెళ్లవద్దు. అందులో ఉన్నది పేలుడు పదార్థం. పొరపాటున పేలితే ముఖానికీ చేతులకూ తగిలే గాయం డ్యాష్‌బోర్డు ఖరీదుతో పోల్చదగ్గది కాదు.

భాగం సంపాదించడం పనికన్నా కష్టం. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. జెన్, ఎస్టీమ్ అంతకన్నా ముందే ఆగాయి. కాబట్టి డీలరు దగ్గర కొత్తది దొరుకుతుందని ఆశ పెట్టుకోకుండా గుజరీ వైపు చూడాలి. మన జిల్లాల్లోని పాత సామాను దుకాణాల్లో తలుపులు, బంపర్లు దొరికినంత సులువుగా డ్యాష్‌బోర్డులు దొరకవు. ఇక్కడికి వచ్చే బండ్లూ ఇదే ఎండలో మగ్గినవే కనుక, దొరికినా అవి మన దానికన్నా మెరుగ్గా ఉండవు. అనంతపురం వాళ్లు 44వ జాతీయ రహదారి మీదుగా బెంగళూరు శివాజీనగర్‌కు, కడప వాళ్లు చెన్నై పుదుపేటకు, కర్నూలు వాళ్లు హైదరాబాదుకు వెళ్లడం మేలు. బెంగళూరు బండి అయితే ఇంకా మంచిది, అక్కడి ఎండ మన ఎండ కాదు.

కొనేటప్పుడు పగుళ్లకన్నా ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మోడలు పేరు ఒకటే అయినా ఏడాదులు మారితే అచ్చు మారుతుంది. ఏసీ ఉన్న బండికీ లేని బండికీ మధ్యలోని కన్నాలు తేడాగా ఉంటాయి. కార్బురేటరు బండి అయితే చోక్ నాబుకు చోటు కావాలి. అందుకే మన డ్యాష్‌బోర్డును ఎదుటి నుంచి, రెండు పక్కల నుంచి, కింది నుంచి ఫోనులో ఫొటోలు తీసుకుని, మొత్తం పొడవునూ స్టీరియో కన్నం కొలతనూ టేపుతో కొలిచి రాసుకుని వెళ్లాలి. దుకాణంలో దాన్ని వెనక్కి తిప్పి ప్రతి చెవినీ వేలితో మెల్లగా వంచి చూడాలి. వంగి తిరిగి వస్తే ప్రాణం ఉన్నట్టు, చిట్లిన చప్పుడు వస్తే వదిలేయాలి. తర్వాత చదునైన నేల మీద బోర్లా పెట్టి, మూలలు నేలకు ఆనుతున్నాయో లేదో చూడాలి. మెలి తిరిగిన పలకను బిగింపుతో సరిచేయవచ్చని అమ్మేవాడు చెబితే నమ్మవద్దు, ఆ బలవంతపు బిగింపే రేపటి పగులు. ఊరికి తెచ్చేటప్పుడు కారు పైన కట్టి ఎండలో తేకుండా, సీట్లు వంచి దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టి తేవాలి.

వెనకవైపు ప్లాస్టిక్ మీద అది ఏ రకమో చెబుతూ చిన్న అక్షరాల్లో పీపీ (పాలీప్రొపిలీన్) అనో ఏబీఎస్ అనో పోత పోసి ఉంటుంది. చెవి ఒకటి చిన్నగా చీలి ఉంటే ఈ అక్షరాలు అక్కరకొస్తాయి. ఏబీఎస్ అయితే దానికి తగిన జిగురుతో, లోపల సన్నని తీగ వల పెట్టి అతికించవచ్చు. పీపీకి మామూలు జిగుర్లు ఏవీ పట్టవు, సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి అతకాలి. చేతికి అలవాటు లేకపోతే పీపీ చెవి విరిగిన డ్యాష్‌బోర్డును దుకాణంలోనే వదిలేయడం మంచిది.

పనిముట్లు పెద్దగా అక్కరలేదు. పొడుగు, పొట్టి స్టార్ స్క్రూడ్రైవర్లు, 8, 10, 12 నంబరు పానాలు, సాకెట్లు, తలకు కట్టుకునే టార్చి, పెయింటర్లు వాడే కాగితపు టేపు, మార్కర్ పెన్ను, స్క్రూలు వేసుకోవడానికి మూత పెట్టగల చిన్న కవర్లు ఉంటే చాలు. ఇనుప స్క్రూడ్రైవరుతో ప్లాస్టిక్ క్లిప్పులను పెకలించవద్దు, పాత టూత్‌బ్రష్షు కాడ అంతకన్నా నయం. పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న కాలం అనువైనది. తెల్లవారుజామున చలికి పాత ప్లాస్టిక్ గాజులా పెళుసుగా ఉంటుంది కాబట్టి, బండికి గంటసేపు లేత ఎండ తగలనిచ్చి ఆ తర్వాత నీడకు తెచ్చి మొదలుపెట్టాలి. తోడు మనిషి మొదటి నుంచీ ఉండనక్కరలేదు, డ్యాష్‌బోర్డు బయటికి తీసేటప్పుడూ తిరిగి లోపల పెట్టేటప్పుడూ మాత్రం తప్పనిసరి.

మొదట బ్యాటరీ మైనస్ వైరు విప్పి, అది తిరిగి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టాలి. ముందు సీట్లను నాలుగు బోల్టులు విప్పి బయట పెడితే నడుము బతుకుతుంది. ఆ తర్వాత కింది నుంచి పైకి, చిన్న భాగాల నుంచి పెద్ద భాగాలకు రావాలి. గేరు లివరు చుట్టూ ఉండే పెట్టె, గ్లోవ్ బాక్సు, స్టీరియో, దాని చుట్టూ ఉన్న పలక, స్టీరింగ్ కింద ఉండే రెండు తొడుగులు, ఆ వరుసలో విప్పాలి. ఒక్కో భాగం స్క్రూలను ఒక్కో కవరులో వేసి పైన పేరు రాయాలి. చూడటానికి ఒకేలా ఉన్న స్క్రూల పొడవు వేరుగా ఉంటుంది, పొడుగు స్క్రూ పొట్టి చోట పడితే ప్లాస్టిక్‌ను అవతలి వైపు నుంచి పొడుచుకుని వస్తుంది. ప్రతి కప్లరును విప్పే ముందు రెండు సగాల మీదా కాగితపు టేపు అంటించి ఒకే అంకె రాయాలి. కప్లరు నాలుకను నొక్కి ప్లాస్టిక్‌ను పట్టుకునే లాగాలి గానీ వైరు పట్టి లాగకూడదు.

చల్లగాలిని, వేడిగాలిని మార్చే మీటలకు వెనక సన్నని కేబుళ్లు ఉంటాయి. వాటిని క్లిప్పు పట్టుకున్న చోట మార్కరుతో గీత గీసి ఆ తర్వాతే విడదీయాలి. ఆ గీత లేకుండా తిరిగి బిగిస్తే మీట చివరిదాకా జరిపినా లోపలి తలుపు పూర్తిగా మూసుకోదు, మే నెలలో ఏసీతో పాటు ఇంజను వేడి కూడా కాళ్ల మీదికి వస్తూ ఉంటుంది.

మీటరు బోర్డు దగ్గర తొందర పనికిరాదు. కేబులుతో నడిచే స్పీడోమీటరు అయితే బోర్డు స్క్రూలు విప్పగానే ముందుకు లాగేయకండి. ముందు బానెట్ ఎత్తి, గేరు బాక్సు వైపు కేబులు చివర వదులు చేస్తే లోపలికి నాలుగు అంగుళాల జాగా వస్తుంది. అప్పుడు బోర్డు వెనక్కి చెయ్యి పోనిచ్చి, కేబులు మెడ దగ్గరున్న చిన్న ప్లాస్టిక్ నాలుకను వేలితో నొక్కి తీయవచ్చు. బోర్డు వెనక రాగి గీతలున్న పలుచని ఫిల్ము ఉంటుంది. అది మడత పడితే గీత తెగి ఒక్కో దీపం ఆరిపోతుంది. చిన్న బల్బులన్నీ ఈ సందులోనే మార్చేయడం తెలివైన పని, ఒక్క బల్బు కోసం మళ్లీ ఇదంతా విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. ఇంకో మాట: గుజరీ డ్యాష్‌బోర్డుతో పాటు మీటరు బోర్డు కూడా ఇచ్చినా మీ పాత బోర్డునే తీసి అందులో పెట్టుకోండి. తిరిగిన కిలోమీటర్లు మీ బండివి. వేరే బండి అంకెతో అమ్మకానికి పెడితే అది కొనేవాడిని మోసగించడమే.

స్టీరింగ్ చక్రాన్ని తీయడమా, స్టీరింగ్ కడ్డీని కిందికి దించడమా అన్నది బండిని బట్టి ఉంటుంది. చాలా పాత చిన్న కార్లలో డ్యాష్‌బోర్డు కింద కడ్డీని పట్టుకున్న బోల్టులు విప్పి, కింద గుడ్డ పరిచి దాన్ని వాల్చితే చాలు. స్టీరింగ్ చక్రం తీయక తప్పకపోతే బండి ముందు చక్రాలను నేరుగా నిలిపి, కడ్డీ చివరా స్టీరింగ్ చక్రం మధ్యా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గుర్తు పెట్టాలి. నట్టును పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు మిగిల్చి, చక్రాన్ని రెండు చేతులతో అటూ ఇటూ ఊపుతూ లాగాలి. నట్టు లేకుండా లాగితే అది ఒక్కసారిగా ఊడివచ్చి మూతికి తగులుతుంది.

ఇక డ్యాష్‌బోర్డును పట్టుకున్న స్క్రూలు. కనిపించేవి సులువు, కనిపించనివే పని పెడతాయి. తలుపులు తీస్తే రెండు చివర్లా ప్లాస్టిక్ మూతల వెనక, మీటరు బోర్డు ఉన్న గూట్లో, గ్లోవ్ బాక్సు పైన, గేరు పెట్టె దగ్గరి ఇనుప కాళ్లకు, ముందు అద్దం కింద గాలి కన్నాల లోపల వెతకాలి. అద్దం కింద ఉన్నవాటికి పొట్టి స్క్రూడ్రైవరు పట్టదు, పొడుగుది అద్దానికి తగులుతుంది, అక్కడ 8 లేదా 10 నంబరు రాట్చెట్టు సాకెట్టే గతి. అన్నీ విప్పామనుకున్నాక పలక రావడం లేదంటే ఇంకో స్క్రూ మిగిలి ఉందనే అర్థం, బలం ఉపయోగించవద్దు. కదలని చోట చెవి ఒగ్గి ఊపితే ఏ మూల పట్టుకుందో చప్పుడే చెబుతుంది. వదులయ్యాక ఇద్దరూ చెరోవైపు పట్టి, ఒక అంగుళం ముందుకు లాగి ఆగాలి. ఆ సందులోంచి టార్చి వేసి, వెనక వైరింగ్ కట్టను పట్టుకున్న క్లిప్పులను విడదీయాలి. వైరింగ్ కట్ట బండిలోనే ఉండిపోవాలి, పలక ఒక్కటే బయటికి రావాలి. స్టీరింగ్ అడ్డం లేని ఎడమ తలుపు గుండా దాన్ని ఏటవాలుగా తీయాలి.

ఇప్పుడు బండి ముందు భాగం అస్థిపంజరంలా కనిపిస్తుంది. ఈ దశలో ఒక పూట ఖర్చు పెట్టడం దండగ కాదు. ఏళ్ల తరబడి లోపలికి చేరిన ఎర్రమట్టి దుమ్ము, వేపాకులు, ఒక్కోసారి ఎలుక గూడు కూడా గాలి పెట్టె అడుగున ఉంటాయి. బ్లోయరు చక్రాన్ని విప్పి బ్రష్షుతో శుభ్రం చేస్తే గాలి జోరు తేడా చేతికి తెలుస్తుంది. కూలింగ్ కాయిల్‌ను ఉన్నచోటే బ్రష్షుతో దులపాలి, దాని గొట్టాలను మాత్రం విప్పకూడదు, లోపల గ్యాసు ఒత్తిడితో ఉంటుంది. నీరు బయటికి పోయే చిన్న రబ్బరు గొట్టంలో నీళ్లు పోసి, అవి బండి కింద పడుతున్నాయో లేదో చూడాలి. ఎలుక కొరికిన వైరు కనిపిస్తే టేపు చుట్టి వదలకుండా, తెగిన చోట సోల్డరు చేసి వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. గాలి గొట్టాల మూతుల దగ్గర పాత ఫోము పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. దాన్ని గీకేసి కొత్త ఫోము పట్టీ అంటిస్తే గాలి లీకు కాదు, చప్పుడూ తగ్గుతుంది.

తిరిగి పెట్టేటప్పుడు ముందు గాలి గొట్టాలను, వెంటులను (గాలి బయటికి వచ్చే రెక్కల జాలీలను) కొత్త పలకకు మార్చాలి. ఇనుముకు ప్లాస్టిక్ రుద్దుకునే చోట్ల మెత్తటి గుడ్డ టేపు అంటించాలి. ఆ తర్వాత ఒక్క స్క్రూ కూడా వేయకుండా పలకను దాని స్థానంలో కూర్చోబెట్టి, ప్రతి రంధ్రం బండి రంధ్రానికి ఎదురుగా వచ్చిందో లేదో చూడాలి. దేని కిందైనా వైరు నలుగుతూ ఉంటే పలక ఎత్తుగా కూర్చుంటుంది.

రంధ్రాలను శ్రద్ధగా చూస్తే కొన్ని గుండ్రంగా, కొన్ని కోలగా ఉంటాయి. గుండ్రనివి ఎక్కువగా మధ్యలో ఉంటాయి, అవి పలకను స్థిరంగా పట్టుకోవడానికి. కోలవి చివర్లలో, పలక సాగినప్పుడు స్క్రూ కింద అది జరగడానికి. మొదట అన్ని స్క్రూలనూ రెండు మూడు చుట్లు మాత్రమే ఎక్కించాలి. ఆ తర్వాత మధ్యవి బిగించి, రెండు చివర్లకూ వెళ్లాలి. కోల రంధ్రాల్లో స్క్రూ సరిగ్గా నడుమ ఉండేలా చూసి, వెడల్పాటి వాషరు వేసి, వాషరు పలకను తాకి కదలకుండా నిలిచేంత వరకే బిగించాలి. బొటనవేలితో గట్టిగా తోస్తే పలక వెంట్రుకవాసి జరగాలి. మెకానిక్కులు ఇక్కడ చేసే పని చూస్తే మనసు చివుక్కుమంటుంది. కిర్రు చప్పుడు పోవడానికి ప్రతి స్క్రూనూ చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పుతారు. చప్పుడు ఆగేది గుడ్డ టేపుతో, బిగింపుతో కాదు.

నేరుగా ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకు ఒక పద్ధతి ఉంది. స్క్రూను రంధ్రంలో పెట్టి మొదట విప్పే వైపుకు, అంటే వెనక్కి తిప్పాలి. ఒక చోట టక్కుమని కిందికి దిగినట్టు చేతికి తెలుస్తుంది, పాత మర అక్కడ మొదలవుతుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే పాత దారిలోనే వెళుతుంది. అలా చూడకుండా తిప్పితే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ ఆ చెవిని లోపలి నుంచి తినేస్తుంది.

ఈ వదులు నియమం స్టీరింగ్ కడ్డీ బోల్టులకు, స్టీరింగ్ నట్టుకు, సీటు బోల్టులకు వర్తించదు. అవి ప్రాణం నిలిపేవి. వాటిని బండి మాన్యువల్ చెప్పిన టార్కు (ఎంత బలంతో తిప్పాలన్న లెక్క) ప్రకారం బిగించాలి. టార్కు రెంచి లేకపోతే దగ్గరి షెడ్డులో అడిగి అవి మాత్రం వాళ్లతో బిగింపించుకోవడంలో నామోషీ లేదు.

అలంకారపు పలకలు పెట్టేముందే బ్యాటరీ మైనస్ తగిలించి అన్నీ పరీక్షించాలి. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారను, వైపరు, బ్లోయరు అన్ని వేగాలు, హ్యాండ్‌బ్రేకు దీపం, ఆయిలు దీపం. ఇండికేటరు వేస్తే మీటరు బోర్డులో సంబంధం లేని దీపం మిణుకుమంటే ఎక్కడో ఎర్త్ వైరు ఉంగరం బిగించడం మరిచారని గుర్తు. అది డ్యాష్‌బోర్డు వెనక బాడీకి బోల్టు వేసి ఉండేది, అక్కడి తుప్పును ఇసుక కాగితంతో గీకి బిగిస్తే సరిపోతుంది. నెమ్మదిగా వీధి చివరి దాకా నడిపినప్పుడు స్పీడోమీటరు ముల్లు వణికితే కేబులు ఎక్కడో మడత పడింది. ముందు అద్దానికి గాలి రెండు పక్కలా సమంగా వస్తోందో లేదో చెయ్యి పెట్టి చూడాలి, వానాకాలంలో అద్దానికి ఆవిరి పడితే అదే దిక్కు.

కొత్త పలక మీద దేవుడి బొమ్మకు స్క్రూ వేయనివ్వకండి. కసాపురం ఆంజనేయస్వామి దగ్గర బండికి పూజ చేయించి తెచ్చుకున్న చిన్న విగ్రహాన్ని అతుక్కునే టేపుతో నిలబెట్టినా స్వామి ఏమీ అనుకోడు. మెరుపు కోసం వాడే సిలికాన్ నూనెలు కూడా వద్దు, అవి జిడ్డు పట్టి దుమ్మును ఆకర్షిస్తాయి, ఎండను అద్దం మీదికి ప్రతిబింబింపజేస్తాయి. కాస్త షాంపూ కలిపిన నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ చాలు. నిలిపేటప్పుడు ముందు అద్దానికి వెండి రంగు అట్ట పెట్టాలి. మధ్యాహ్నం నుంచి నిలిపి ఉంచేట్టయితే బండి ముఖం తూర్పుకు ఉండాలి, పడమటి ఎండ వెనక అద్దం మీద పడుతుంది. వీలున్నచోట అద్దాన్ని వేలెడు సందు దించి ఉంచితే లోపలి వేడి కొంత తగ్గుతుంది.

మొదటి వేసవి గడిచాక జూన్‌లో చివరి స్క్రూల మీది మూతలు తీసి చూడండి. స్క్రూ కోల రంధ్రంలో ఒక అంచుకు ఆనుకుని ఉంటే వదులు చేసి నడుమకు తెచ్చి మళ్లీ తేలికగా బిగించాలి. తీసేసిన పాత డ్యాష్‌బోర్డును అంతవరకు పారేయకండి. దాని క్లిప్పులు, ఇనుప చెవి నట్లు, వెంటు రెక్కలు ఏ గుజరీలోనూ విడిగా అమ్మరు.